రొమ్ము క్యాన్సర్ చిత్రణ పద్ధతులు

శరీరాన్ని కోయకుండా రొమ్ము లోపలి భాగాలను చిత్రరూపంలో చూచి, అక్కడ క్యాన్సర్ కణితి ఉన్నదీ లేనిదీ అంచనా వేయడానికి ఉపయోగించే పరీక్షలను రొమ్ము క్యాన్సర్ చిత్రణ పద్ధతులు అంటారు. వీటిలో ముఖ్యమైనవి మూడు: ఎక్స్-కిరణాలతో తీసే మామోగ్రఫీ, చెవికి వినిపించని ధ్వని తరంగాలతో చేసే అల్ట్రాసౌండ్, అయస్కాంత క్షేత్రంలో చేసే ఎమ్మారై. ఈ మూడూ ఒకే అవయవాన్ని చూస్తున్నా, మూడు వేర్వేరు గుణాలను చూస్తాయి. మామోగ్రఫీ కణజాలం ఎక్స్-కిరణాలను ఎంత అడ్డుకుంటుందో చూస్తుంది. అల్ట్రాసౌండ్ ధ్వనిని ఎలా తిప్పికొడుతుందో చూస్తుంది. ఎమ్మారై ప్రధానంగా అక్కడి రక్తప్రసరణ తీరును చూస్తుంది. అందువలన ఒక పరీక్షలో ఏ మాత్రం కనిపించని కణితి మరొక పరీక్షలో స్పష్టంగా కనిపించవచ్చు. "మామోగ్రామ్‌లో ఏమీ లేదు" అన్న మాటకు "రొమ్ములో ఏమీ లేదు" అని అన్ని సందర్భాలలోనూ అర్థం కాదు.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనాల ప్రకారం 2022లో ప్రపంచంలో సుమారు 23 లక్షలమందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడగా, 6 లక్షల 70 వేలమంది ఈ వ్యాధితో మరణించారు. అదే సంవత్సరం భారతదేశంలో కొత్త కేసులు సుమారు 1 లక్షా 92 వేలు, మరణాలు 98 వేలు. అంటే ప్రపంచం మొత్తం మీద ప్రతి నూరు కొత్త కేసులకు 29 మరణాలుండగా, మన దేశంలో 51 ఉన్నాయి. ఈ వ్యత్యాసానికి ఒక ముఖ్య కారణం వ్యాధి ముదిరిన తరువాత బయటపడడం. చికిత్స అందరికీ అందకపోవడం మరొక కారణం.

రొమ్ము క్యాన్సర్ పురుషులకు కూడా వస్తుంది. అయితే మొత్తం కేసులలో వారి వాటా సుమారు నూటికి ఒకటి మాత్రమే గనుక ఈ వ్యాసంలో స్త్రీల విషయమే చెప్పబడింది.

రొమ్ము నిర్మాణం

రొమ్ములో పాలగ్రంథులు, ఆ పాలను చనుమొనకు చేర్చే సన్నని నాళాలు, వీటిని పట్టి ఉంచే నారవంటి కణజాలం, మిగిలిన చోటంతా కొవ్వు ఉంటాయి. ఎక్కువ భాగం క్యాన్సర్లు పాలనాళాల లోపలి పొరలో పుడతాయి. కొవ్వు ఎక్స్-కిరణాలను సులభంగా పోనిస్తుంది గనుక మామోగ్రామ్‌లో నల్లగా కనిపిస్తుంది. గ్రంథులు, నార కణజాలం తెల్లగా కనిపిస్తాయి. చిక్కు ఏమిటంటే క్యాన్సర్ కణితి కూడా తెల్లగానే కనిపిస్తుంది.

కొవ్వు ఎక్కువగా ఉన్న రొమ్ములో కణితిని చూడడం నల్లని గుడ్డమీద తెల్లపూసను చూడడం వంటిది. గ్రంథి కణజాలం దట్టంగా ఉన్న రొమ్ములో అదే పని పాలలో తెల్లపూసను వెదకడం వంటిది. ఈ గుణాన్ని రొమ్ము సాంద్రత అంటారు. సాధారణంగా యువతులలో సాంద్రత ఎక్కువ, వయసు పెరిగి ముట్లు ఆగిపోయిన తరువాత గ్రంథులు కుంచించుకొని ఆ చోటును కొవ్వు ఆక్రమిస్తుంది. అయితే ఇది అందరిలోనూ ఒకే తీరుగా జరగదు. అమెరికాలో 40 సంవత్సరాలు దాటిన స్త్రీలలో కూడా దాదాపు సగంమందికి రొమ్ములు సాంద్రంగానే ఉంటాయి. సాంద్రత చేతితో తాకితే తెలిసేది కాదు. మెత్తగా ఉన్న రొమ్ము సాంద్రమైనది కావచ్చు, గట్టిగా ఉన్నది కాకపోవచ్చు. చిత్రం చూచి మాత్రమే చెప్పగలరు. సాంద్రత ఎక్కువగా ఉండడం రోగం కాదు. కానీ అది కణితిని దాచడంతోపాటు, క్యాన్సర్ వచ్చే అవకాశాన్ని కూడా కొంత పెంచుతుందని తేలింది.

వడపోత, నిర్ధారణ

చిత్రణ పరీక్షలు రెండు ప్రయోజనాల కోసం జరుగుతాయి. ఏ బాధా లేని స్త్రీలలో దాగి ఉన్న వ్యాధిని ముందుగా పట్టుకోవడానికి చేసేది వడపోత పరీక్ష. గడ్డ తగలడం, చనుమొన లోపలికి లాగుకొనిపోవడం, చనుమొన నుండి రక్తం లేక నీరు కారడం, చర్మం నారింజ తొక్కలాగ గుంటలు పడడం వంటి లక్షణం కనిపించినప్పుడు చేసేది నిర్ధారణ పరీక్ష. యంత్రం ఒకటే అయినా ఈ రెండింటిలో అడిగే ప్రశ్న వేరు. వడపోతలో రెండు నిర్ణీత కోణాలలో చిత్రాలు తీసి పంపివేస్తారు. నిర్ధారణలో అనుమానమున్న చోటును పెద్దదిగా చేసి, వేరే కోణాలలో తీసి, తరచుగా అల్ట్రాసౌండ్ కూడా జోడిస్తారు. గడ్డ తగులుతున్న స్త్రీ వడపోత మామోగ్రామ్ మాత్రమే తీయించుకొని, అది బాగున్నదన్న నివేదికతో ఊరుకోవడం ప్రమాదకరం. క్యాన్సర్ గడ్డలు మొదట్లో చాలావరకు నొప్పి పెట్టవు గనుక ఈ పొరపాటు జరగడానికి అవకాశం మరింత ఎక్కువ.

మామోగ్రఫీ

చరిత్ర

విల్‌హెల్మ్ రాంట్‌జెన్ 1895లో ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. వాటితో రొమ్మును మొదట పరిశీలించినవాడు బెర్లిన్ నగరపు శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ సాలొమన్. శస్త్రచికిత్సలో తొలగించిన సుమారు 3,000 రొమ్ములకు ఎక్స్-రేలు తీసి, కణితి ఆకృతిని, అది చంకలోని శోషరస గ్రంథులకు పాకిన తీరును పోల్చి 1913లో ప్రచురించాడు. కొన్ని చిత్రాలలో సన్నని చుక్కలు ఉన్నట్లు గమనించాడు గానీ వాటి ప్రాముఖ్యం అప్పటికి ఎవరికీ తెలియదు. యూదుడైనందున నాజీల పాలన వచ్చిన 1933లో ఇతడు పదవిని కోల్పోయాడు. ఆష్విట్జ్‌లో చంపబడిన చిత్రకారిణి షార్లొట్ సాలొమన్ ఇతని కుమార్తె.

బ్రతికి ఉన్న స్త్రీలలో ఈ పరీక్షను క్రమపద్ధతిలో జరిపి 1930లో ఫలితాలు ప్రకటించినవాడు అమెరికాలోని రాచెస్టర్‌కు చెందిన స్టాఫర్డ్ వారెన్. ఉరుగ్వే దేశస్థుడు రౌల్ లెబోర్న్ 1950 ప్రాంతంలో రెండు విషయాలు స్పష్టం చేశాడు. ఒకటి, రొమ్మును నొక్కిపట్టి తీస్తే చిత్రం చక్కగా వస్తుంది. రెండవది, ఉప్పురవ్వలవంటి సన్నని సున్నపు చుక్కలు క్యాన్సరుకు గుర్తు కావచ్చు. టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో రాబర్ట్ ఈగన్ తక్కువ వోల్టేజి, ఎక్కువ విద్యుత్ప్రవాహం, పారిశ్రామిక ఫిల్ము కలిపి ఇతరులు కూడా సులభంగా అనుసరించగల పద్ధతిని రూపొందించి, 1,000 పరీక్షల అనుభవాన్ని 1960లో ప్రకటించాడు. అప్పటివరకు మామూలు ఎక్స్-రే యంత్రాలనే వాడేవారు. రొమ్ముకోసమే ప్రత్యేకించిన యంత్రం ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో షార్ల్ గ్రో కృషితో 1960ల మధ్యకాలంలో తయారయింది. 1970లలో సెలీనియం పలకమీద నీలి రంగులో చిత్రం తీసే జీరోమామోగ్రఫీ కొంతకాలం వాడుకలో ఉండి, తరువాత తక్కువ కిరణాలతో పనిచేసే ఫిల్ము పద్ధతి ముందు నిలువలేకపోయింది.

పనిచేసే తీరు

ఛాతీ ఎక్స్-రేకు సాధారణంగా 100 కిలోవోల్టులకు పైబడిన విద్యుత్పీడనం వాడితే, మామోగ్రఫీకి 25 నుండి 32 కిలోవోల్టులు చాలు. శక్తి ఎక్కువైన కిరణాలు కొవ్వునూ కండనూ కణితినీ దాదాపు ఒకే తీరుగా దాటిపోతాయి. శక్తి తక్కువైనప్పుడే వాటి మధ్య తేడా ఫిల్ముమీద తేలుతుంది. ఇటువంటి మెత్తని కిరణాల కోసం చాలాకాలం మాలిబ్డినం లోహపు లక్ష్యాన్ని వాడారు. డిజిటల్ యంత్రాలలో టంగ్‌స్టన్ కూడా వాడుతున్నారు.

పరీక్షలో ఒక్కొక్క రొమ్మును రెండు పలకల మధ్య పెట్టి కొన్ని క్షణాలు గట్టిగా నొక్కుతారు. ఇది చాలామందికి నొప్పి కలిగిస్తుంది, పరీక్షకు వెనుదీయడానికి ఇదొక కారణం. నొక్కడం వలన ఒకదానిమీద ఒకటి పడిన కణజాలం పరచుకుంటుంది, మందం తగ్గి తక్కువ కిరణాలు సరిపోతాయి, కదలిక లేక చిత్రం మసకబారదు. నొక్కినందువలన క్యాన్సర్ వ్యాపిస్తుందన్న భయానికి ఆధారం లేదు. ముట్లు వస్తున్నవారు బహిష్టు తరువాతి వారంలో పరీక్షకు వెళ్తే రొమ్ముల సలుపు తక్కువగా ఉంటుంది. ఆ రోజు చంకల్లో పౌడరు, డియోడరెంటు పూసుకోవద్దని చెబుతారు. వాటిలోని ఖనిజపు రేణువులు చిత్రంలో సున్నపు చుక్కలవలె కనిపించి అనవసరపు అనుమానానికి దారితీస్తాయి.

ప్రతి రొమ్ముకు రెండు చిత్రాలు తీస్తారు: ఒకటి పైనుండి క్రిందికి, రెండవది ఏటవాలుగా. ఏటవాలు చిత్రంలో చంక వైపు సాగిన భాగం కూడా పడుతుంది. ఎక్కువ క్యాన్సర్లు రొమ్ము పైభాగంలో, చంక వైపునే వస్తాయి గనుక ఇది అవసరం. మొత్తం నాలుగు చిత్రాలకు శరీరానికి తగిలే ప్రభావ మోతాదు సుమారు 0.4 మిల్లీసీవర్టులు. భూమినుండి, ఆకాశంనుండి ప్రతి మనిషికీ సహజంగా ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు తగులుతూనే ఉంటుంది. అంటే ఒక మామోగ్రామ్ రెండు నెలల సహజ కిరణప్రసారంతో సమానం.

చిత్రంలో చూసేవి

రేడియాలజిస్టు ముఖ్యంగా నాలుగు విషయాలు చూస్తాడు. మొదటిది గడ్డ. అంచులు నున్నగా, గుండ్రంగా ఉంటే అది ప్రమాదరహితమై ఉండే అవకాశం ఎక్కువ, అంచులు ముళ్ళముళ్ళుగా చుట్టుప్రక్కలకు చొచ్చుకుపోతుంటే క్యాన్సర్ అనుమానం బలపడుతుంది. రెండవది సున్నపు చుక్కలు. పెద్దవిగా, విడివిడిగా ఉన్నవి చాలావరకు నిరపాయకరం. పాలనాళం వెంబడి గుంపుగా, రకరకాల ఆకారాలలో ఉన్న సన్నని చుక్కలు నాళం దాటని తొలిదశ క్యాన్సరుకు ఏకైక చిహ్నం కావచ్చు. మిల్లీమీటరులో పదోవంతు పరిమాణమున్న ఈ చుక్కలను చూపడంలో మామోగ్రఫీకి సాటివచ్చే పరీక్ష ఇప్పటికీ లేదు. మూడవది కణజాలపు అల్లిక ఒకచోటికి లాగినట్లు వంకరపోవడం. నాలుగవది రెండు రొమ్ముల మధ్య తేడా, లేక పాత చిత్రానికీ కొత్త చిత్రానికీ మధ్య తేడా. ఈ చివరి విషయం మూలంగా పాత ఫిల్ములను భద్రపరచుకోవడం ఎంతో ఉపయోగం. మనవాళ్ళు అల్ట్రాసౌండ్‌నూ సీటీనీ ఎమ్మారైనీ అన్నింటినీ కలిపి "స్కానింగ్" అంటారు గనుక, "పోయినేడు స్కానింగ్ తీయించాం" అని చెబితే వైద్యునికి ఏ పరీక్ష జరిగిందో తెలియదు. ఫిల్ము, నివేదిక వెంట ఉంటే ఆ చిక్కు ఉండదు.

నివేదికలు ఒకే భాషలో ఉండాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 1993లో బై-రాడ్స్ అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. మన దేశంలోని నివేదికలలో కూడా ఈ అంకెలే కనిపిస్తాయి. 0 అంటే ఇంకా పరీక్షలు కావాలి. చాలామంది దీనిని "సున్నా, అంటే ఏమీ లేదు" అని పొరబడతారు. 1 అంటే ఏ దోషమూ లేదు, 2 అంటే నిరపాయకరమైనది ఉంది. 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండుకు మించదు, సాధారణంగా ఆరు నెలలకు మళ్ళీ చూడాలి. 4 అంటే అనుమానాస్పదం, ముక్క తీసి పరీక్షించాలి. ఈ వర్గం చాలా విశాలమైనది, ఇందులో అవకాశం నూటికి రెండు నుండి తొంభైఅయిదు వరకు ఉంటుంది. 5 అంటే క్యాన్సర్ కావడం దాదాపు ఖాయం. 6 అంటే ముక్కపరీక్షలో ముందే నిర్ధారణ అయినది.

డిజిటల్, త్రిమితీయ మామోగ్రఫీ

ఫిల్ముకు బదులు ఎలక్ట్రానిక్ గ్రాహకం వాడే డిజిటల్ యంత్రానికి అమెరికాలో 2000లో అనుమతి లభించింది. అమెరికా, కెనడాలలో 49,528మంది స్త్రీలకు రెండు రకాల పరీక్షలూ చేసి 2005లో ప్రకటించిన అధ్యయనంలో, మొత్తం మీద రెండూ సమానమేనని తేలింది. కానీ 50 ఏళ్ళలోపు వారిలో, సాంద్రమైన రొమ్ములున్నవారిలో, ముట్లు ఇంకా పూర్తిగా ఆగనివారిలో డిజిటల్ మెరుగైన ఫలితమిచ్చింది.

త్రిమితీయ మామోగ్రఫీ లేక టోమోసింథెసిస్‌కు అక్కడే 2011లో అనుమతి లభించింది. ఇందులో ఎక్స్-రే గొట్టం రొమ్ముపైన వంపుగా కదులుతూ అనేక కోణాలలో స్వల్పమోతాదు చిత్రాలు తీస్తుంది. కంప్యూటరు వాటిని పలుచని పొరలుగా మారుస్తుంది. పుస్తకాన్ని మూసి చూడడానికి బదులు పుట పుట తిరగవేసి చూసినట్లు ఉంటుంది. ఒకదానిమీద ఒకటి పడిన నీడలు గడ్డలాగా భ్రమింపజేయడం తగ్గుతుంది. అయినా పొర మొత్తం తెల్లగా ఉన్న అతిసాంద్రమైన రొమ్ములో దీనికీ పరిమితులున్నాయి. సిరలోకి అయోడిన్ మందు ఎక్కించి, రెండు వేర్వేరు శక్తుల కిరణాలతో తీసే మామోగ్రఫీ కూడా ఉన్నది. అది ఎమ్మారైవలె రక్తప్రసరణను చూపుతుంది.

అల్ట్రాసౌండ్

అమెరికాలో స్థిరపడిన ఆంగ్లేయ వైద్యుడు జాన్ వైల్డ్, ఇంజనీరు జాన్ రీడ్‌తో కలిసి 1950ల ప్రారంభంలో ధ్వని తరంగాలతో రొమ్ము గడ్డలను పరిశీలించాడు. ఇప్పటి యంత్రాలు సెకనుకు కోటికి అటూయిటూ కంపనాలు గల ధ్వనిని రొమ్ములోకి పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనులనుండి చిత్రాన్ని కూర్చుతాయి. కిరణాలు లేవు, నొక్కడం లేదు, ఖర్చు తక్కువ. 30 ఏళ్ళలోపువారికి, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు గడ్డ తగిలితే మొదట చేసే పరీక్ష ఇదే.

మామోగ్రామ్‌లో గుండ్రని తెల్లమచ్చగా కనిపించినది నీటితిత్తియా గట్టి గడ్డా అన్నది చెప్పడం అల్ట్రాసౌండ్‌కు చాలా తేలిక. నీటితిత్తి పూర్తిగా నల్లగా ఉండి, దాని వెనుక భాగం ప్రకాశవంతంగా కనిపిస్తుంది. గట్టి గడ్డలలో యువతులకు తరచుగా వచ్చే నిరపాయకరమైన ఫైబ్రోఎడినోమా అడ్డంగా పరుచుకొని నున్నని అంచుతో ఉంటుంది. క్యాన్సర్ కణితి వెడల్పుకన్న ఎత్తు ఎక్కువగా, అంచు చెదిరినట్లుగా, వెనుక నల్లని నీడతో కనిపించడం కద్దు. చంకలోని శోషరస గ్రంథులను చూడడానికీ, సూదిని సరిగా గడ్డలోకి నడిపించడానికీ కూడా దీనినే వాడతారు.

లోపాలూ ఉన్నాయి. సన్నని సున్నపు చుక్కలు దీనిలో సరిగా కనబడవు. ఫలితం పరీక్ష చేసేవారి చేతినైపుణ్యంమీద బాగా ఆధారపడుతుంది. వడపోతకు మామోగ్రఫీతో జతచేసి వాడితే ఎట్లా ఉంటుందని జపానులో 40 నుండి 49 ఏళ్ళ స్త్రీలు సుమారు 73 వేలమందిపై జరిగిన ప్రయోగ ఫలితాలు 2016లో వెలువడ్డాయి. మామోగ్రఫీ ఒక్కటే చేసినప్పుడు ఉన్న క్యాన్సర్లలో నూటికి 77 పట్టుబడగా, అల్ట్రాసౌండ్ జోడించినప్పుడు 91 పట్టుబడ్డాయి. అయితే అనవసరంగా భయపడవలసి వచ్చినవారి సంఖ్య కూడా పెరిగింది.

మన దేశంలో ఈ పరీక్షకు ఒక విశేషం ఉన్నది. గర్భస్థ శిశువు లింగాన్ని తెలుపడాన్ని నిషేధించిన 1994 నాటి చట్టం క్రింద అల్ట్రాసౌండ్ యంత్రాలు వాడే కేంద్రాలన్నీ నమోదు కావలసి ఉంటుంది. రొమ్ము పరీక్షకు మాత్రమే వాడినా మినహాయింపు లేదు. ఆడశిశువులను కాపాడటానికి ఆ చట్టం అవసరమే. దానితోపాటు యంత్రాన్ని ఊరూరా తిప్పి స్త్రీలకు రొమ్ము పరీక్షలు చేయడం అంత సులభం కాకుండా పోయింది.

ఎమ్మారై

ఎమ్మారైలో స్త్రీ బోర్లా పడుకొంటుంది. రొమ్ములు బల్లలోని గుంటలలో వ్రేలాడుతూ ఉంటాయి. శరీరంలోని నీటిలోగల హైడ్రోజన్ కేంద్రకాలు బలమైన అయస్కాంత క్షేత్రంలో రేడియో తరంగాలకు స్పందించే తీరునుండి చిత్రం తయారవుతుంది. అయితే క్యాన్సర్ వెదకడానికి అది మాత్రమే చాలదు. 1980ల మధ్యకాలంలో జర్మనీలో సిల్వియా హేవాంగ్ మొదలైనవారు గడోలినియం అనే లోహపు సమ్మేళనాన్ని సిరలోకి ఎక్కించి చూచారు. అప్పుడు క్యాన్సర్ గడ్డలు వెలిగిపోతూ కనిపించాయి. పెరిగే కణితి తనకు కావలసిన రక్తనాళాలను హడావిడిగా పుట్టించుకుంటుంది. ఆ నాళాల గోడలు కారుతూ ఉంటాయి. మందు వాటిలోకి త్వరగా చేరి, త్వరగా బయటికి పోతుంది. ఈ గుణానికి రొమ్ము సాంద్రతతో పెద్దగా సంబంధం లేదు గనుక, మామోగ్రామ్‌లో దాగిన కణితి ఇక్కడ దాగలేదు.

నెదర్లాండ్స్‌లో అతిసాంద్రమైన రొమ్ములుండి, మామోగ్రామ్ బాగున్నదని తేలిన స్త్రీలలో కొందరిని అదనంగా ఎమ్మారైకి పిలిచి, మిగిలినవారిని పిలువక, రెండేళ్ళు గమనించారు. రెండు వడపోతల మధ్యకాలంలో బయటపడిన క్యాన్సర్లు పిలువనివారిలో వెయ్యికి 5 ఉండగా, పిలిచినవారిలో 2.5 ఉన్నట్లు 2019లో ప్రకటించారు. వడపోత తప్పించుకొని మధ్యలో బయటపడేవి సాధారణంగా వేగంగా పెరిగే రకాలు గనుక ఈ తగ్గుదల విలువైనది. మరొకవైపు, పరీక్ష చేయించుకొన్న ప్రతి వెయ్యిమందిలో సుమారు 80మందికి క్యాన్సర్ లేకపోయినా ఉందేమోనన్న ఫలితం వచ్చింది.

బి.ఆర్.సి.ఎ.1, బి.ఆర్.సి.ఎ.2 జన్యువులలో లోపం వారసత్వంగా వచ్చినవారికి చిన్నవయసులోనే ప్రమాదం ఎక్కువ. జీవితకాలంలో ఈ క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి 20 లేక అంతకుమించి ఉన్నవారికి మామోగ్రఫీతోపాటు ప్రతి యేటా ఎమ్మారై చేయాలని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2007లో సిఫారసు చేసింది. ఖర్చు, సమయం, ఇరుకు గొట్టంలో పడుకోలేని భయం, శరీరంలో కొన్నిరకాల లోహపు పరికరాలు ఉండడం ఈ పరీక్షకు అడ్డంకులు. మూత్రపిండాలు బాగా చెడినవారికి, గర్భిణులకు గడోలినియం సాధారణంగా ఇవ్వరు.

ఇతర పద్ధతులు

పెట్-సీటీ పరీక్షలో కిరణధార్మికత గల చక్కెరను సిరలోకి ఎక్కిస్తారు. చక్కెరను ఎక్కువగా వాడుకొనే కణాలు వెలుగుతాయి. చిన్న కణితిని కనిపెట్టడానికి ఇది తగదు. ముదిరిన వ్యాధి ఎముకలకో కాలేయానికో పాకిందా అని చూడడానికి ఉపయోగిస్తారు.

ఉష్ణచిత్రణ లేక థర్మోగ్రఫీ గురించి కొంత చెప్పవలసి ఉన్నది. కెనడాలోని మాంట్రియల్ వైద్యుడు రే లాసన్ 1956లో క్యాన్సర్ ఉన్న రొమ్ముమీద చర్మపు వేడి కొంచెం ఎక్కువగా ఉన్నట్లు గమనించాడు. తాకకుండా, నొక్కకుండా, కిరణాలు లేకుండా జరిగే పరీక్ష గనుక దీనిపై చాలా ఆశలు పెట్టుకొన్నారు. అమెరికాలో 1973లో మొదలైన పెద్ద వడపోత కార్యక్రమంలో దీనినీ చేర్చి, చాలా క్యాన్సర్లను పట్టలేకపోవడంతో మధ్యలోనే మానివేశారు. దీనిని మామోగ్రఫీకి బదులుగా వాడరాదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ పలుమార్లు హెచ్చరించింది. ఉష్ణచిత్రాలను కంప్యూటరు చేత చదివించే ప్రయత్నాలు బెంగుళూరులో జరుగుతున్నాయి. పెద్ద ఎత్తున మరణాలను తగ్గించినట్లు నిరూపణ అయ్యేవరకు, నొప్పిలేని పరీక్ష అన్న ఆకర్షణతో మామోగ్రఫీ స్థానంలో దీనిని ఎంచుకోవడం సరికాదు.

ముక్కపరీక్ష

ఏ చిత్రమూ క్యాన్సర్ ఉన్నదని తనంత తానుగా నిర్ధారించలేదు. అనుమానమున్న చోటునుండి కణజాలాన్ని తీసి సూక్ష్మదర్శినిలో చూచినప్పుడే నిర్ధారణ అవుతుంది. పూర్వం ఇందుకు శస్త్రచికిత్స చేసేవారు. ఇప్పుడు మత్తుసూది వేసి, బోలు సూదితో అగ్గిపుల్లంత సన్నని ముక్కలు తీస్తారు. గడ్డ అల్ట్రాసౌండ్‌లో కనిపిస్తే దాని సాయంతోను, సున్నపు చుక్కలు మాత్రమే ఉంటే మామోగ్రఫీ సాయంతోను, ఎమ్మారైలో మాత్రమే కనిపిస్తే అక్కడే సూదిని నడిపిస్తారు. తీసినచోట గుర్తుగా చిన్న లోహపు ముక్కను వదలుతారు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకిపోతుందన్న నమ్మకం తెలుగునాట గట్టిగా ఉన్నది. దీనివలన మనుషులు నెలల తరబడి పరీక్షను వాయిదా వేస్తారు. ఆ మాటకు ఆధారం లేదు, వాయిదా వలన కలిగే నష్టం మాత్రం నిజమైనది.

వడపోతపై వాదవివాదాలు

న్యూయార్క్‌లో 1963లో 40 నుండి 64 ఏళ్ళ స్త్రీలు సుమారు 62 వేలమందితో మొదలైన ప్రయోగంలో, వడపోతకు పిలిచినవారిలో పదేళ్ళకు రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు 30 శాతం తగ్గాయి. స్వీడన్‌లోని రెండు జిల్లాలలో 1977లో లాస్లో తబార్ ప్రారంభించిన ప్రయోగం 1985లో 31 శాతం తగ్గుదలను చూపింది. వీటి ఆధారంగా ఐరోపా, అమెరికాలలో వడపోత కార్యక్రమాలు విస్తరించాయి. కానీ కెనడాలో 1980లో దాదాపు 90 వేలమందితో మొదలైన అధ్యయనం, 25 ఏళ్ళు గమనించిన తరువాత 2014లో, నిపుణులు చేతితో చేసే పరీక్షకు మామోగ్రఫీ జోడించడం వలన మరణాలు తగ్గలేదని ప్రకటించింది. ఆ అధ్యయనంలోని చిత్రాల నాణ్యతపైన, స్త్రీలను విభజించిన తీరుపైన తీవ్రమైన విమర్శలు వచ్చాయి. ఈ తగవు ఇంకా పూర్తిగా తీరలేదు.

వాదానికి మూలం అతినిర్ధారణ. వడపోతలో దొరికే కొన్ని క్యాన్సర్లు ఎంత నెమ్మదిగా పెరుగుతాయంటే, అవి దొరకకపోయినా ఆ స్త్రీకి జీవితాంతం ఏ హానీ జరిగి ఉండేది కాదు. అవి ఏవో ముందుగా చెప్పలేరు గనుక అందరికీ చికిత్స చేస్తారు. బ్రిటన్‌లో మైకేల్ మార్మట్ అధ్యక్షతన ఏర్పడిన స్వతంత్ర సంఘం 2012లో ఇచ్చిన లెక్క ప్రకారం, 50 ఏళ్ళు నిండిన 10,000మంది స్త్రీలను 20 ఏళ్ళపాటు వడపోతకు పిలిస్తే 43 మరణాలు తప్పుతాయి, 129మందికి అతినిర్ధారణ జరుగుతుంది. ఈ రెండు అంకెలనూ ప్రక్కప్రక్కన పెట్టి స్త్రీలకు చెప్పాలని, నిర్ణయం వారికే వదలాలని సంఘం అభిప్రాయపడింది. అమెరికాలోని నిపుణుల కార్యవర్గం 2024లో తన సిఫారసును మార్చి, 40 నుండి 74 ఏళ్ళ వరకు రెండేళ్ళకొకసారి మామోగ్రఫీ చేయాలని చెప్పింది. అదే సంవత్సరం సెప్టెంబరు నుండి అక్కడ ప్రతి నివేదికలోనూ రొమ్ము సాంద్రతను స్త్రీకి తెలపడం తప్పనిసరి అయింది.

భారతదేశంలో

పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దేశంలో ఈ వ్యాధి సుమారు పదేళ్ళు చిన్నవయసులో కనిపిస్తున్నది. సాంద్రత ఎక్కువగా ఉండే వయసు అదే గనుక మామోగ్రఫీ పదును ఇక్కడ కొంత తగ్గుతుంది. కోట్లాది స్త్రీలకు రెండేళ్ళకొకసారి మామోగ్రామ్ తీసి చదవడానికి సరిపడా యంత్రాలు గానీ రేడియాలజిస్టులు గానీ లేరు.

ఈ పరిస్థితిలో ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. 35 నుండి 64 ఏళ్ళ వయసుగల 1,51,538మంది స్త్రీలను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకొకసారి చేతితో రొమ్ము పరీక్ష చేశారు. యంత్రమేదీ లేదు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఈ వర్గంలో వ్యాధి ముదరకముందే బయటపడింది. 50 ఏళ్ళు, అంతకు పైబడినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అన్ని వయసులవారినీ కలిపితే తగ్గుదల 15 శాతం, ఇది గణాంకశాస్త్రం ప్రకారం నిశ్చయంగా చెప్పదగినది కాదు. 50 ఏళ్ళలోపువారిలో ప్రయోజనం కనబడలేదు. భారత ప్రభుత్వం 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా 30 నుండి 65 ఏళ్ళ స్త్రీలకు అయిదేళ్ళకొకసారి శిక్షణ పొందినవారి చేతిపరీక్షనే సూచిస్తాయి. అందులో అనుమానం కలిగినవారికే మామోగ్రఫీ, అల్ట్రాసౌండ్ చేస్తారు. అంటే ఇక్కడ చిత్రణ పరీక్ష పాత్ర ఎక్కువగా నిర్ధారణే.

హైదరాబాదులో 1955లో ఏర్పడిన ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, 2000లో ప్రారంభమైన బసవతారకం ఇండో-అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి తెలుగువారు ఈ వ్యాధికి ఎక్కువగా ఆశ్రయించే సంస్థలలోనివి. 2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం రొమ్ము క్యాన్సర్ చికిత్సను కూడా చేర్చుకొన్నది.

కంప్యూటరు సహాయం

ఐరోపాలో ప్రతి మామోగ్రామ్‌ను ఇద్దరు రేడియాలజిస్టులు విడివిడిగా చదవడం ఆచారం. స్వీడన్‌లో 80 వేలమందికి పైగా స్త్రీలపై జరిగిన ప్రయోగంలో, కృత్రిమ మేధ ముందుగా చిత్రాన్ని చూచి ప్రమాదం తక్కువన్నవాటిని ఒక్కరే చదివారు, ఎక్కువన్నవాటిని ఇద్దరు చదివారు. 2023లో ప్రకటించిన తొలి ఫలితాల ప్రకారం చదివే పని 44 శాతం తగ్గింది. పట్టుబడిన క్యాన్సర్లు పాత పద్ధతిలో వెయ్యికి 5 ఉండగా, కొత్త పద్ధతిలో 6 ఉన్నాయి. ఇటువంటి కార్యక్రమాలకు ఏ చిత్రాలతో తర్ఫీదు ఇచ్చారో వాటినే బాగా చదవగలవు. సాంద్రమైన రొమ్ములు, పెద్ద గడ్డలు ఎక్కువగా కనిపించే మన ఆసుపత్రుల చిత్రాలమీద విడిగా పరీక్షించిన తరువాతనే ఇక్కడ వాటి ఉపయోగం ఎంతో తెలుస్తుంది.